పంచాయతీకి నీళ్ళ నిపుణుడు, మురుగు నిపుణుడు, చెత్త నిపుణుడు వేరేవేరేగా కావాలా? చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళు చెప్పండి

కట్టకింది ఇల్లు

అందరికీ నమస్కారం. మాది పాకాల వైపు పంచాయతీ, దగ్గర దగ్గర మూడు వేల జనం. నేను వార్డు మెంబర్ని. మాకిప్పుడు మూడు తలనొప్పులు. తాగునీటి బోరు మార్చి వచ్చేసరికి సన్నబడిపోతుంది, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండాలంటే రాత్రంతా మోటారు ఆడాల్సిందే. ఇంటింటికీ కుళాయిలు వచ్చాక వీధి కాలువల్లో మురుగు ఎక్కువైంది, అదంతా పోయి చెరువులో పడుతోంది. ఇక చెత్త షెడ్డు. కట్టారు, రంగులేశారు, తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో మెంబరునైన నాకే తెలీదు.

మొన్న ఒక కన్సల్టెంటు వచ్చి ల్యాప్‌టాప్‌లో చూపించాడు. నీళ్ళకొక ప్రాజెక్టు, మురుగుకొకటి, చెత్తకొకటి, మూడింటికీ మూడు డీపీఆర్‌లు (వివరమైన ప్రాజెక్టు నివేదికలు), మూడు ఫీజులు. బొమ్మలు బాగానే ఉన్నాయి కానీ మా చెరువు ఏ దిక్కున ఉందని కూడా అడగలేదు ఆ అబ్బాయి. మా సర్పంచిగారు మెత్తని మనిషి, సంతకం పెట్టేసేలా ఉన్నారు. ముందు ఎవర్ని పిలవాలి, వచ్చినవాళ్ళను ఏం అడగాలి? ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

నవ్వులరాయుడు

తాళంచెవి వెతకడానికి నాలుగో డీపీఆర్ పెట్టండక్కా.

పాత బోరు లాగు

అమ్మా, భూగర్భ జలాల పనిలోనే తల నెరిసింది నాకు. రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. ఎవర్ని పిలవాలన్నది తర్వాత, ముందు మీ ఊరి నీటి లెక్క ఒకసారి వేయండి. దానికి నిపుణుడు అక్కర్లేదు, కాగితం పెన్సిలు చాలు.

మన వైపు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన అనుకుందాం, పడమటి మండలాల్లో ఇంకా తక్కువ. కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. ఇలాంటి నేలలో పడిన వానలో నూటికి 8 నుంచి 11 వంతులే భూమిలోకి దిగుతుందని భూగర్భ జలాల అంచనాలకు వాడే ప్రమాణం చెబుతుంది. పది పెట్టుకోండి. ఎకరాకు ఏడాదికి 3.6 లక్షల లీటర్లు వస్తుంది. ఇప్పుడు బోరు కింద ఒక ఎకరా వరి తీసుకోండి, 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు పెట్టాలి, అంటే 48 లక్షల లీటర్ల పైమాటే. ఒక్క ఎకరా వరి పదమూడు ఎకరాల మీద ఇంకిన వాననంతా తాగేస్తుంది.

మీ తాగునీటి సంగతి చూడండి. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు, మూడు వేల మందికి ఏడాదికి 6 కోట్ల లీటర్లు. వినడానికి కొండంత ఉంది కదా, తీరా చూస్తే పన్నెండెకరాల చిల్లర వరికి పెట్టే నీళ్ళు అవి. అందుకని తాగునీటి బోరు సన్నబడిందంటే ఇంకో బోరు ఎక్కడ వేయాలని అడగొద్దు, దాని చుట్టుపక్కల ఎన్ని సేద్యం బోర్లున్నాయి, ఏ పంటకు ఆడుతున్నాయి అని అడగండి.

ఇంకో సంగతి. మన రాతినేలలో నీళ్ళు నిలిచే సందు నూటికి రెండు వంతులుంటే గొప్ప. 90 మిల్లీమీటర్లు ఇంకితే బోర్లలో మట్టం నాలుగున్నర మీటర్లు లేస్తుంది. నవంబరు వానలకు అబ్బో అనిపిస్తుంది, ఏప్రిల్‌కల్లా అంతే జోరుగా దిగిపోతుంది. వెయ్యి అడుగులు దించితే కొత్త నీళ్ళు పుట్టవు, పైనుంచి జారిన నీళ్ళే చీలికల్లో దొరికితే దొరుకుతాయి, పైగా లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు భయం ఒకటి.

బంగారుపాళ్యం తోట

సార్ లెక్క బాగుంది గానీ ఒకచోట నేను ఒప్పుకోను. మడిలో పెట్టిన నీళ్ళన్నీ గాలికి పోవు కదా, కొంత మళ్ళీ కిందికే దిగుతుంది. రైతుమీదికి నెట్టేయడం అందరికీ సులువు. అయినా మా వైపు బోరు కింద వరి ఎవరు పెడుతున్నారు సార్ ఇప్పుడు? మామిడి, టమోటా, ఆవులకు గడ్డి, అంతే. పాలడబ్బుతోనే ఇల్లు గడిచేది. ఆ గడ్డికి నీళ్ళొద్దంటే ఆవులను అమ్ముకోమనా?

పాత బోరు లాగు

తిరిగి దిగేమాట నిజమే, నేను కాదనను. కానీ నీటిమట్టం 25 మీటర్ల కంటే లోతుకు పోయినచోట వరిమడి నుంచి వెనక్కి చేరేది నాలుగోవంతు లోపే. ఆ నాలుగోవంతూ తీసేసినా పదెకరాల ఇంకుడు పోతుంది. గడ్డి సంగతి మీరన్నది మంచి మాట. ఆవులను అమ్మమని ఎవరూ చెప్పరు. అయితే ఎకరా గడ్డికి ఏడాది పొడుగునా ఎన్ని నీళ్ళు పెడుతున్నారో మీ ఊళ్ళో ఎవరైనా కొలిచారా? పాలు లీటర్లలో అమ్ముతాం, గడ్డికి పెట్టే నీళ్ళను గంటల్లో చెబుతాం.

బంగారుపాళ్యం తోట

కొలవలేదు సార్. ఉచిత కరెంటు, మీటరు చూసే పనే లేదు.

డ్రిప్ గురించి కూడా ఒక మాట. మాకు డ్రిప్ వచ్చింది, మామిడికి నీళ్ళు మిగిలాయి, ఆ మిగిలిన నీళ్ళతో పక్క బీడులో ఇంకో ఎకరా టమోటా పెట్టాం. పెట్టక ఏం చేస్తాం, నీళ్ళు కనబడుతుంటే చేతులు ఊరుకుంటాయా. రాబడి పెరిగింది, బోరు నీళ్ళు మాత్రం అదే వేగంతో దిగుతున్నాయి. డ్రిప్ వేస్తే నీళ్ళు ఆదా అని చెప్పే నిపుణులు ఈ రెండో ఎకరా సంగతి అడగరు.

పల్లెపని

మీరు పై రెండు పోస్టుల్లో మాట్లాడుకుంటున్నది ఇక్కడ ఒకప్పుడు జరిగిందే. స్వచ్ఛంద సంస్థల్లో చాలాకాలం పనిచేశాను కాబట్టి చెబుతున్నా. 2003లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో రైతుల సొంత నిర్వహణలో భూగర్భ జలాల ప్రాజెక్టు మొదలైంది, ఏడు జిల్లాల్లో, అందులో మన చిత్తూరు ఒకటి, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ మిగతావి. అందులో నిపుణుడు వచ్చి నీ నీళ్ళింత అని చెప్పడు. రైతులే వర్షమాపకం చదువుతారు, రైతులే ఎంపిక చేసిన బోర్లలో మట్టం కొలుస్తారు, బక్కెట్టూ గడియారమూ పెట్టి బోరు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుందో రాస్తారు. వానకాలం అయ్యాక రబీ విత్తనానికి ముందు అందరూ కూచుని, ఇంత వచ్చింది, ఇంత ఉంది, అందరూ అనుకున్న పంటలే పెడితే ఇంత తక్కువ పడుతుంది అని గోడమీద రాసుకుంటారు.

ఎవరికీ ఏమీ నిషేధం లేదు. వరి పెట్టొద్దని ఎవరూ అనలేదు. ఆ గోడమీది లెక్క చూసి ఎవడికివాడు ఇంటికెళ్ళి ఆలోచించుకోవడమే. చాలామంది వేరుశనగకో రాగికో జరిగారు. ప్రాజెక్టు అయిపోయాక ఎన్ని ఊళ్ళలో ఆ కొలతలు ఆగిపోయాయి అంటే, నేను చూసినంతలో చాలా ఊళ్ళలో ఆగిపోయాయి. పుస్తకం రాసే కుర్రాడికి నెలకు ఏదో కాస్త ఇచ్చేవాడు లేకపోతే ఎన్నాళ్ళు రాస్తాడు.

కట్టకింది ఇల్లు గారూ, మీరు పిలిచే నిపుణుణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మీరు వెళ్ళిపోయాక ఈ ఊళ్ళో ఎవరు ఏం కొలుస్తారు?

కట్టకింది ఇల్లు

అయ్యో ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. సరే, మీ మాటలు చదివాక నిన్న సాయంత్రం చెరువుదాకా పోయి చూసొచ్చాను. ఊరి మురుగు కాలువ ఎక్కడ కలుస్తుందో, వంక నుంచి చెరువులోకి నీళ్ళు తెచ్చే సప్లై ఛానల్ కూడా సరిగ్గా అక్కడే ఉంది, రోడ్డు కింద చిన్న కల్వర్టు. రెండు గూనలు, అంటే నీళ్ళు పోయే గొట్టాలు. ఒక గూన పూర్తిగా మూసుకుపోయింది. కర్రతో కెలికి చూశా: ఫంక్షన్ హాలు నుంచి వచ్చిన థర్మాకోల్ పళ్ళేలు, పిల్లల డైపర్లు, పాల ప్యాకెట్లు, ఒక పాత చాప, వాటిమీద మామిడి టెంకలు. అంతా కలిసి గట్టిపడి గోడలా తయారైంది. అవతలి పక్క సర్కారు తుమ్మ. చెరువులోకి వాననీళ్ళు రావాల్సిన దారిలో వాననీళ్ళు రావటం లేదు, మురుగు మాత్రం ఇంకో సందులోంచి దూరి చక్కగా లోపలికి పోతోంది.

ఆ కల్వర్టు నుంచి మా తాగునీటి బోరు కట్ట కింద కూతవేటు దూరం.

తూము తలుపు

అక్కా మీరు డీపీఆర్ రాసేశారు, కన్సల్టెంటు ఫీజు మీకే ఇవ్వాలి.

నేను చెరువుల పనులు చేసిన సివిల్ ఇంజినీరుని. ఊరి నీళ్ళు, మురుగు, చెత్త మూడూ మీరు చూసిన ఆ కల్వర్టు దగ్గర కలుస్తున్నాయి. మూడు ప్రాజెక్టులుగా విడగొడితే ఏమవుతుందో చెప్తా, ఎందుకంటే చూశాను కాబట్టి. చెరువు పనివాడు పూడిక తీసి బిల్లు పెట్టుకుంటాడు, ఛానల్ అతని ఎస్టిమేటులో ఉండదు. మురుగు పనివాడు సిమెంటు కాలువ ఇంకా పొడుగు చేసి సరిగ్గా చెరువులోకి కలుపుతాడు, ఎందుకంటే పల్లం అటే ఉంది. చెత్త పనివాడు షెడ్డు కడతాడు. ముగ్గురి పనీ కాగితం మీద నూటికి నూరుపాళ్ళు పూర్తి. వానొస్తే మళ్ళీ కల్వర్టు దగ్గరే అందరి బండారం బయటపడుతుంది.

చెరువు అంటే కట్ట, తూము, మొరవ (చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు) మాత్రమే అనుకుంటారు చాలామంది. పైనుంచి వచ్చే దారి, కిందికి పోయే దారి, ఈ రెండూ లేకపోతే ఎంత పూడిక తీసినా అది గుంతే. మన సీమలో ఇవన్నీ గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మొరవ పారితే కింది చెరువు నిండాలి. 2021 నవంబరు వానలు గుర్తున్నాయా? రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళవాళ్ళను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. తిరుపతి పట్నంలో వీధులు ఏరులయ్యాయి, నీళ్ళు పోయే దారుల్లో ఇళ్ళు లేచిపోయాక ఇంకేమవుతుంది. కాబట్టి మీ ఊరికి ఎవరొచ్చినా మొరవ ఎత్తు పెంచుదాం, ఎక్కువ నీళ్ళు నిలుస్తాయి అంటే ఒప్పుకోకండి. కట్ట బలం చూడకుండా, పైన మునిగే పొలాలు చూడకుండా మొరవ ముట్టుకోకూడదు.

పూడిక కూడా ఎక్కడపడితే అక్కడ, ఎంతపడితే అంత తీయొద్దు. కట్టకు ఆనుకుని అసలే వద్దు. పైన పేరుకున్న ఒండ్రు తీసి పొలాలకు తోలుకుంటే రెండిందాలా లాభం. అయితే మీ చెరువులో ఇప్పుడు మురుగు పడుతోంది కదా, ఆ మూలనున్న మట్టిని పొలానికి తోలేముందు పరీక్ష చేయించండి.

నవ్వులరాయుడు

ఎస్టిమేటులో లేని పని ఎవడు చేస్తాడు అన్నా. మా ఊళ్ళో పూడిక తీసిన మట్టి లేఅవుట్లకు పోయింది, చెరువు లోతు పెరిగింది, నీళ్ళు రాలేదు. ఈత నేర్చుకోవడానికీ పనికిరాలేదు.

చెత్తబండి

షెడ్డు గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను మొదలుపెడతా. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగు చదివాను, కొన్ని పంచాయతీలకు ఘన వ్యర్థాల పనిలో సాయం చేస్తుంటాను.

మన రాష్ట్రంలో ఊరూరా కట్టిన చెత్త నుంచి సంపద కేంద్రాలు మూతపడటానికి సోమరితనం కారణం అనుకుంటారు. కొంత ఉండొచ్చు. అసలు లోపం డిజైనులో ఉంది. పట్నం చెత్తలో సగానికి పైగా తడి చెత్త, అందుకని వర్మీ కంపోస్టు తొట్లు కట్టారు. పల్లెలో తడి చెత్త ఎక్కడుంది? అన్నం గంజి కుడితిలోకి, కూరగాయ తొక్కలు ఆవుకి, పేడా చిత్తూ దిబ్బకి. షెడ్డుకు వచ్చేది కవర్లు, సీసాలు, డైపర్లు, గుడ్డలు. ఆ తొట్లలో వానపాములకు ఏం పెట్టాలి, కుర్‌కురే ప్యాకెట్లా? రెండు నెలల్లో తాళం పడుతుంది, పడకపోతేనే ఆశ్చర్యం.

కట్టకింది ఇల్లు గారి ఊరికి డబ్బు లెక్క చూద్దాం. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో 5 వేల లోపు జనం ఉన్న ఊరికి ఘన వ్యర్థాలకు మనిషికి 60 రూపాయల వరకు, వాడిన నీటికి 280 వరకు. మూడు వేల మందికి 1.8 లక్షలు, 8.4 లక్షలు. ఇందులో 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో (2021-26) 60 శాతం ఎలాగూ తాగునీటికీ పారిశుధ్యానికే కేటాయించారు. అంటే కట్టడానికి డబ్బుంది. బండి తోసే మనిషికి నెలనెలా ఇవ్వడానికే ఎప్పుడూ ఉండదు. అందుకని నిపుణుణ్ణి షెడ్డు డిజైను అడగకండి, నడిపే ఖర్చు నెలకెంత, అది ఎక్కడినుంచి వస్తుంది అని అడగండి.

మీ ఊరికి నా సలహా: తొట్లు వదిలేయండి, షెడ్డుని పొడి చెత్త గోడౌను చేయండి. సీసాలు, అట్టలు, ఇనుము పాతసామాన్లవాడు కొంటాడు. కవర్లు, బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు ఎవడూ కొనడు, వాటిని మండలంలో ఒకచోట చేర్చి బేలు కట్టి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు పంపాలి, కడప యర్రగుంట్ల వైపు ఫ్యాక్టరీలున్నాయి. ఒక్క ఊరికి లారీ కిరాయి గిట్టదు, నాలుగైదు పంచాయతీలు కలవాలి. ఫంక్షన్ హాలు థర్మాకోల్ పళ్ళేలంటారా, అవి 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్నవే. హాలు ఓనరు మీ వార్డువాడే అయ్యుంటాడు, మీరే మాట్లాడండి.

కట్టకింది ఇల్లు

హాలు ఓనరు మా ఆయనకు పెదనాన్న కొడుకు. 🙂 మాట్లాడతాను.

బంగారుపాళ్యం తోట

మామిడి టెంకలు అన్నారు కదా. సీజనులో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి టెంకా తొక్కా ట్రాక్టర్లకొద్దీ బయటికొస్తుంది, దింపుకోవడానికి స్థలం లేక రోడ్డువారన, వంకల్లో పోసిపోయేవాళ్ళు ఉన్నారు. పుల్లటి కంపు, ఈగలు. తొక్కను కొందరు ఆవులకు వేస్తారు, ఎక్కువైతే పొట్ట ఉబ్బుతుంది. దీనికి నిపుణులు ఏం చెప్తారు?

చెత్తబండి

తొక్క ఒక్కటే ఉంటే బయోగ్యాసుకి మంచి సరుకు, పేడతో కలిపితే ఇంకా మంచిది, ఎందుకంటే ఉత్త తొక్క పులిసి ఆమ్లం ఎక్కువై గ్యాసు ఆగిపోతుంది. ఇబ్బందల్లా సీజను రెండు మూడు నెలలే కావడం, మిగతా ఏడాది ప్లాంటుకు మేత ఏదని. మీ పాడి రైతుల పేడ ఉంది కాబట్టి మన జిల్లాకు అది అంత కష్టం కాదు. కానీ ఇది ఫ్యాక్టరీ పెట్టుకోవాల్సిన ఖర్చు, పంచాయతీ నెత్తిన వేసుకోవాల్సింది కాదు.

నీళ్ళ సీసా

నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఆ కల్వర్టు, బోరు కూతవేటు దూరం అన్నమాట చదివాక మిగతాదంతా పక్కన పెట్టి రాస్తున్నా. ఆ బోరు నీళ్ళు ఈ వారమే పరీక్షకు పంపండి అక్కా. నైట్రేట్, ఫ్లోరైడ్, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం), దాంతోపాటు బ్యాక్టీరియా పరీక్ష. తాగునీటి ప్రమాణంలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడ్ 1 లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. బ్యాక్టీరియా పరీక్షకు సీసా ల్యాబు వాళ్ళే ఇస్తారు, శుభ్రం చేసిన సీసా. ఇంట్లో వాటర్ బాటిల్లో పట్టుకొస్తే ఆ ఫలితం చెల్లదు. క్లోరిన్ కలపకముందు బోరు దగ్గర ఒకటి, ఊరి చివర కుళాయి దగ్గర ఒకటి.

ఇంకోటి, మీ వీధి కాలువలోకి స్నానాల నీళ్ళు, గిన్నెల నీళ్ళేనా, లెట్రిన్ ట్యాంకుల పైపులు కూడా వదిలారా?

కట్టకింది ఇల్లు

వదిలారు. నాలుగిళ్ళో ఐదిళ్ళో నాకు కనబడ్డవే. రింగుల గుంత నిండితే ట్యాంకరుకు డబ్బులివ్వడం ఎందుకని పైపు కాలువలోకి పెట్టేస్తారు.

నీళ్ళ సీసా

అదే అనుకున్నా. ముందు ఆ పైపులు మూసేయాలి, ఆ తర్వాతే ఇంకుడు గుంతల మాట. లెట్రిన్ నీళ్ళు కలిసిన మురుగుని ఇంకుడు గుంతలోకి పంపితే దాన్ని మీ బోరుకు మీరే దగ్గరుండి అందించినట్టు. మట్టి మందంగా ఉన్నచోట నేల వడగడుతుంది. రాతి చీలికలున్నచోట నీళ్ళు వడకట్టకుండానే జారిపోతాయి, పది మీటర్ల దూరం ఉంటే చాలన్న మాట అక్కడ నమ్మొద్దు.

తూము తలుపు

దీనికి నేను కొంచెం అడ్డం వస్తా. ఇంకుడు గుంత అంటేనే భయపెడితే జనం అసలు తవ్వరు. వంటింటి నీళ్ళు, స్నానాల నీళ్ళు మాత్రమే పోయే గుంత, మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు లోతు, ముందు మట్టీ జిడ్డూ ఆగే చిన్న తొట్టి. ఒక ఇంటికి సరిపోతుంది. మనిషికి 55 లీటర్లిస్తే అందులో డెబ్బై శాతం వాడిన నీళ్ళుగా బయటికొస్తుంది, మూడు వేల మందికి రోజుకు 1.15 లక్షల లీటర్లు. అదంతా కాలువ కట్టి ఒకచోటికి తెచ్చి శుద్ధి చేయాలంటే మీ 8.4 లక్షలు చాలవు. ఎక్కడి నీళ్ళు అక్కడే దిగిపోతే చివరికి వచ్చేది కొంచెమే, దానికి చెరువు ముందు చిన్న మడుగు కట్టి తుంగా గడ్డీ పెంచితే సరి.

నీళ్ళ సీసా

వంటింటి నీళ్ళకు నాకు అభ్యంతరం లేదు. తొట్టి నెలకోసారి ఎవరు శుభ్రం చేస్తారన్నదే. చేయకపోతే గుంత మూసుకుపోయి దోమలు. చేసే ఇళ్ళ దగ్గర మొదలుపెట్టండి, బోరు చుట్టూ మాత్రం వద్దు, ఈ మాట మీద నేను తగ్గను.

లెట్రిన్లకు రెండు గుంతల పద్ధతి మేలు. ఒకటి నిండాక రెండోదానికి మళ్ళించి మొదటిదాన్ని రెండేళ్ళు మూసి వదిలేస్తే లోపలిది మట్టిలా అయిపోతుంది, తీసి చెట్లకు వేసుకోవచ్చు. ఇప్పుడు ఒక గుంత ఉన్నవాళ్ళు పక్కన ఇంకోటి దించి మధ్యలో చిన్న తొట్టి పెట్టుకుంటే సరిపోతుంది. నీళ్ళు నిలిచిన సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం మనిషిని దింపొద్దు, ఎవడో తక్కువకు చేస్తాడని. 2013 చట్టం ప్రకారం నేరం, చట్టం సంగతి పక్కనపెట్టినా ఆ గ్యాసుకు ప్రాణాలు పోతాయి.

సరిహద్దు వి.కోట

మా కథ వేరు. మేము గట్టు దిగితే కోలారు. అక్కడి చెరువుల్లోకి 2018 నుంచి బెంగళూరు మురుగుని శుద్ధి చేసి పంపుతున్నారు, కేసీ వ్యాలీ అంటారు. 126 చెరువులు, రోజుకు 44 కోట్ల లీటర్లని ప్రణాళిక. అటువైపు బంధువుల ఊళ్ళలో ఎండిన బోర్లు మళ్ళీ పోస్తున్నాయని మావాళ్ళకు కళ్ళు కుడుతున్నాయి, మనకూ అలాంటిది తెస్తే పోలా అని. పొరుగింటి పుల్లకూర రుచి.

నీళ్ళ సీసా

ఆ నీళ్ళు రెండో దశ శుద్ధి వరకే. మొదటి ఏడాదే చెరువులో నురగ వచ్చి కోర్టుదాకా పోయింది. మూడో దశ శుద్ధి చేయాలని అక్కడివాళ్ళే ఇప్పటికీ అడుగుతున్నారు. బోర్లు పోస్తున్నాయి నిజమే, ఆ బోర్ల నీళ్ళు తాగొచ్చా అన్నది ఏళ్ళ తరబడి పరీక్షలు చేస్తూ చూడాల్సిన సంగతి. అయినా మన ఊరికి బెంగళూరంత మురుగు ఎక్కడిది? తిరుపతి మురుగు తూకివాకం ప్లాంటుకు పోతుంది, అది ఆ చుట్టుపక్కలకే.

సరిహద్దు వి.కోట

హంద్రీ-నీవా నీళ్ళు 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చాయి, శ్రీశైలం నుంచి ఇంతదూరం. పూలు చల్లారు, హారతులిచ్చారు, సంతోషమే. కానీ చెరువులోకి వచ్చే దారులు ఇలా ఉంటే ఏ కృష్ణ వచ్చి ఏం లాభం అని ఈ చర్చ చదువుతుంటే అనిపిస్తోంది.

పల్లెపని

మళ్ళీ అసలు ప్రశ్నకు వస్తే. నా మాట వింటే ముగ్గురు నిపుణులు వద్దు, ఒకరిని పట్టుకోండి, ఆ ఒకరూ మొదట భూగర్భ జలాలు తెలిసిన మనిషి అయ్యుండాలి, ఎందుకంటే మీ బోరు ఎక్కడినుంచి తాగుతుందో తెలియకుండా గుంత ఎక్కడ తవ్వాలో చెప్పలేం. జిల్లా భూగర్భ జల శాఖను అడగండి, పంచాయతీ తీర్మానంతో ఉత్తరం రాస్తే వచ్చి చూస్తారు. మీ దగ్గరలో శాఖవాళ్ళ పీజోమీటరు (నీటిమట్టం కొలవడానికే వేసిన బోరు) ఉందేమో, దాని మట్టాలు రాష్ట్ర జలవనరుల వెబ్‌సైటులో కనబడతాయి. చెరువు పనులకు ఉపాధి హామీ ఇంజినీర్లు, తాగునీటికి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ, వీళ్ళంతా జీతం తీసుకునే నిపుణులే, ముందు వీళ్ళను ఒకేరోజు ఆ కల్వర్టు దగ్గర నిలబెట్టండి. విడివిడిగా ఆఫీసుల్లో కలిస్తే ఎవరి ఫైలు వాళ్ళు చూపిస్తారు.

మదనపల్లె వైపు ఉమ్మడి భూములు, నీళ్ళ మీద ఏళ్ళుగా పనిచేస్తున్న ఎఫ్ఈఎస్ (ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ) లాంటి సంస్థలున్నాయి. ఊరివాళ్ళతో భూగర్భ జలాల ఆట ఆడిస్తారు, ఎవరు ఏ పంట పెడితే అందరి బోర్లూ ఏమవుతాయో ఆటలో తెలుస్తుంది. ఉపన్యాసాల కంటే అది పనిచేస్తుంది, నేను చూశాను. కేంద్రం పెట్టిన అటల్ భూజల్ పథకం ఏడు రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు, కర్ణాటక ఉంది, కాబట్టి దాని పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే నవ్వి పంపించేయండి.

ప్రైవేటు కన్సల్టెంటే కావాలంటే మూడు అడగండి. రెండేళ్ళ కింద మీరు చేసిన ఊరి పేరు చెప్పండి, మేమే పోయి చూసొస్తాం. ఫీజులో మూడోవంతు ఒక వానకాలం గడిచాక ఇస్తాం, సరేనా. మీ నక్షాలో మా చెరువు ఎక్కడ.

తూము తలుపు

మూడోవంతు ఆపితే ఎవడూ రాడు అన్నా, నిజం చెప్పాలంటే నేనూ రాను. పంచాయతీ బిల్లులు ఎప్పుడొస్తాయో దేవుడికే ఎరుక. పదోవంతు ఆపండి.

పల్లెపని

సరే, బేరం. 🙂

కట్టకింది ఇల్లు

మీ అందరికీ చాలా థాంక్స్. ఇవాళ సర్పంచిగారితో మాట్లాడాను, డీపీఆర్ సంతకం ఆపారు. బోరు నీళ్ళ సీసా రేపు పంపుతున్నాం. కల్వర్టు గూనలు తీయించడానికి ట్రాక్టరు మావాళ్ళదే, డీజిల్ పంచాయతీ పెడుతుంది. హాలు ఓనరు మాత్రం ఆకు పళ్ళేలకు ఖర్చెక్కువ అని గొణుగుతున్నాడు, చూద్దాం. నీటిమట్టం కొలవాలంటే పరికరం కొనాలా? మా ఇంటర్ చదివే కుర్రాడొకడు నేను రాస్తానంటున్నాడు.

పాత బోరు లాగు

కొనక్కర్లేదమ్మా. రెండు తీగల కరెంటు వైరు, మీటరు మీటరుకూ టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి, కింది కొనల్లో రెండు తీగలనూ ఒకదానికొకటి తగలకుండా కాస్త ఒలిచి, ఒక చిన్న బరువు కట్టాలి. పైకొనకు మల్టీమీటరు. నీళ్ళు తగలగానే ముల్లు కదులుతుంది. వాడని బోరు ఒకటి దొరికితే అందులో కొలవడం మేలు, మోటారున్న బోరులో వైరు చిక్కుకుంటుంది. ఆడే బోరే అయితే మోటారు ఆపి కొన్ని గంటలు ఆగి, తెల్లవారుజామున కొలవమనండి. కేసింగు పైఅంచు నుంచి కొలిచాడా నేల నుంచి కొలిచాడా అన్నది మొదటి పేజీలో రాసి, ప్రతిసారీ అక్కడినుంచే కొలవాలి. నెలకోసారి చాలు. వానలప్పుడు పదిహేను రోజులకోసారి కొలిస్తే ఇంకా మంచిది. ఆరు నెలల అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.